బేగం వెనక నడిచిన మంద

ముందు చప్పుడు వచ్చింది. మనిషి ఆ తర్వాత వచ్చింది.

ఎండుటాకుల మీద చినుకులు మొదలైనట్టు సన్నగా, దగ్గర దగ్గరగా, ఒకదాన్నొకటి తోసుకుంటూ వచ్చిన చప్పుడు. అనుమసముద్రంపేటలో దర్గా వీధి అప్పుడే నిద్ర లేస్తోంది. ఎనభై అయిదో సంవత్సరం, ఉగాది వెళ్ళిన కొత్త. అంతకు ముందు వానాకాలాలు రెండూ ఆ సీమకేసి తలెత్తి చూడలేదు. మబ్బు ఎలా ఉంటుందో చిన్నపిల్లలకు మాటలతో చెప్పాల్సిన రోజులు. అందుకే ఆ చప్పుడు వినగానే, పూలూ చక్కెర పొట్లాలూ అగరొత్తులూ అమ్ముకునే మస్తాన్‌బీ చేతిలో చీపురు వదిలేసి వీధిలోకి వచ్చింది. ఎదురంగడి షంషుద్దీన్ బజ్జీల పొయ్యి పక్కనున్న కట్టెల మీద గోనెపట్టా కప్పేశాడు.

ఇద్దరూ పైకి చూశారు. ఆకాశం తోమి బోర్లించిన సత్తుగిన్నెలా ఎప్పటిలాగే మెరుస్తోంది.

"వానేనా భాయ్?" అంది మస్తాన్‌బీ.

"వానయితే నేలమీద నడిచి వస్తాండాదేంది?" అన్నాడు షంషుద్దీన్.

వీధి మలుపులో దుమ్ము లేచింది. దుమ్ములోంచి గొర్రెలు వచ్చాయి. కంకర తేలిన రోడ్డు మీద వాటి గిట్టలే అంతసేపూ వానై వినిపించాయి. డొక్కలు లోపలికి పోయి, ఎముకలు బయటికి వచ్చి, చూస్తే నడిచే గూళ్ళలా ఉన్నాయి. అన్నిటికంటే ముందు తెల్లమచ్చల ముసలి గొర్రె ఒకటి, పెళ్ళికి పెద్దగా వచ్చిన మేనత్తలా, అటూ ఇటూ చూడకుండా నడుస్తోంది. అన్నిటికంటే వెనక ఒక ఆడమనిషి. భుజాన మగవాళ్ళు కప్పుకునే గొంగడి. చేతిలో చెట్ల కొమ్మలు లాగే దోటి. మొహాన చెమట ఆరిపోయి ఉప్పు మిగిలింది.

"వాన యాడమ్మా?" అన్నాడు షంషుద్దీన్, తప్పంతా ఆమెదే అన్నట్టు.

"నేనూ దాన్నే ఎతుక్కుంటా వస్తాండా," అందామె. "మీకు అగపడితే నాకూ చెప్పండి."

ఆమె పేరు ఆదిశేషమ్మ. ఊరు ఉదయగిరి కొండ కింద చిన్న పల్లె. పుట్టింది ఇంకా పైన, సీతారామపురం తట్టు మెట్టల్లో. వాళ్ళ ఇళ్ళల్లో ఆడపిల్లను అత్తారింటికి పంపేటప్పుడు పసుపు కుంకాలతోపాటు ఒక ఆడ గొర్రెపిల్లను చంకన పెట్టి పంపుతారు. ఆ పిల్ల ఈనిన పిల్లలూ, వాటి పిల్లలూ కోడలి సొంతం. మామ అమ్మలేడు, మొగుడు అమ్మలేడు. డెబ్బై ఒకటిలో పెంచలనరసయ్యను కట్టుకుని ఆ పల్లెకు వచ్చినప్పుడు ఆదిశేషమ్మ చంకలో ఉన్నది ఒక తెల్లమచ్చల పిల్ల. దాని పొట్టన పుట్టి పెరిగిందే ఈ మంద.

పెరగడమంటే ఊరికే పెరగలేదు. డెబ్బై ఏడు తుపాను ఏడాది ముసురు పట్టి, నేల నానిపోయి, గిట్టలు కుళ్ళి మందలో సగం పోయింది. అప్పుడు ఆదిశేషమ్మ మిగిలిన పిల్లల్ని ఇంట్లో పొయ్యి చుట్టూ పడుకోబెట్టి, తాను వాకిట్లో చూరు కింద కూర్చునేది. పొగ వాసనా తడి ఉన్ని వాసనా కలిసిన ఆ ఇంట్లో పెంచలనరసయ్య కాళ్ళు చాపుకునే చోటు లేక, "ఈ ఇంటికి కొడుకును నేనా, అవా?" అని విసుక్కునేవాడు. విసుక్కుంటూనే అవి చలికి వణక్కుండా గోనెపట్టాలు కప్పేవాడు.

ఎనభై నాలుగు వేసవికి కొండ మీద పచ్చన్నది ఎత్తైన చెట్ల కొసల్లో మాత్రమే మిగిలింది. ఎనభై అయిదు ఫాల్గుణంలో పెంచలనరసయ్య ఆ కొసల కోసం బండరాయి అంచుకు ఎక్కి, దోటి జారి, దోటితోపాటు తనూ జారాడు. కాలు రెండు చోట్ల విరిగింది. కట్టు కట్టినాయన, వానలొచ్చేదాకా నేల మీద అడుగు పెట్టొద్దని చెప్పిపోయాడు.

మర్నాడే కామయ్య వచ్చాడు. కామయ్య మాంసానికి జీవాలు కొని, పేట దర్గాకు మొక్కు తీర్చుకోవడానికి వచ్చేవాళ్ళకు అమ్ముతాడు. చెడ్డవాడు కాదు. ఎండాకాలం గద్దలా, కిందికి చూసే అలవాటున్నవాడు.

"ఇంకో పక్షం ఆగితే తోళ్ళే మిగిలేది. అవి నడవగలిగినన్నాళ్ళే బేరం, వదినా," అన్నాడు.

"నడవగలిగితే నీ కాడికెందుకు కామయ్యా, నీళ్ళ కాడికే నడిపిస్తా. సంగం తట్టు కాలవ కింద కోతలయిపోయుంటయ్. కొయ్యకాళ్ళల్లో మేపుకుంటా."

"నడిపించేదెవురు? అన్న మంచం మీదుండె."

"నేను లేనా."

కామయ్య నవ్వాడు. "ఆడమనిషి మంద ఎనక పోతే మంద నవ్వుద్ది."

"నవ్వనీ. ఆకలి మీద గూడా నవ్వగలిగితే బతికినట్టే గదా."

ఆ పల్లెలో ఆడవాళ్ళు కొండదాకా జీవాలు తోలతారు కానీ, దూరపు మందల వెంట ఊళ్ళు దాటి పోరు. పంచాయితీ అత్తతోనే మొదలవుతుందని ఆదిశేషమ్మ అనుకుంది. అత్త దేవకమ్మ మాత్రం కొయ్యకు తగిలించిన కొడుకు గొంగడి తీసి, వాకిట్లో దులిపి, కోడలి భుజాన వేసింది. "నా బిడ్డను నేను జూసుకుంటా. నువ్వు నీ బిడ్డల్ని జూసుకో, పో," అంది. మంచం మీదనుంచి పెంచలనరసయ్య గోడవైపు తిరిగాడు. మొగవాడు గోడవైపు తిరిగితే ఒప్పుకున్నట్టేనని ఆమెకు తెలుసు.

అలా బయలుదేరింది. ఏమైనా సరే, మందను మందగానే వెనక్కి తేవాలి. ఒక్క ఆలోచనే ఆమె తలలో దీపంలా పెట్టుకుంది. దోవ పొడుగునా ఎండిన చెరువులు పగిలిన అరిచేతుల్లా తెరుచుకుని ఉన్నాయి. దుత్తలూరు దగ్గర రోడ్డు పనివాళ్ళు తమ డ్రమ్ములో నీళ్ళు వంచి పోశారు. వింజమూరు పక్కన ఒక రైతు మోటరు దగ్గరికి రానివ్వలేదు. రానివ్వని రైతు భార్య దొడ్డిదోవన బిందెతో వచ్చి, "మా ఆయనకు చెప్పబాక," అని గొర్రెల ముందు పోసి పోయింది. పేటలో మాత్రం నీళ్ళు కాదనరని అందరూ చెప్పారు. దేశం నలుమూలల నుంచీ కష్టాలు మోసుకొచ్చేవాళ్ళకు నీళ్ళు పోసి పోసి ఆ వీధికి అలవాటట. ఆ మాట పట్టుకునే ఆమె ఆ పొద్దున అక్కడికి చేరింది.

నిజంగానే కాదనలేదు. మస్తాన్‌బీ తన ఇంటి వెనక బావికి దారి చూపించింది. యాభై దాటిన మనిషి, భర్త పోయి చాలా కాలమైంది, పిల్లలు లేరు. ఇద్దరూ చెరో తాడూ పట్టి లోతున మిగిలిన నీళ్ళు తోడారు. గొర్రెలు తొట్టి చుట్టూ మూగి, తలలు ముంచి, చాలాసేపు పైకెత్తలేదు.

"కూచో చెల్లే," అంది మస్తాన్‌బీ. "నీ కాళ్ళు జూడు, పుచ్చకాయలు పగిలినట్టుండాయి. ఒక కునుకు తియ్యి. నేనుండాలే కాపలా."

ఆదిశేషమ్మ గోడ నీడలో గొంగడి మీద ఒరిగింది. ఇల్లు వదిలిన తర్వాత రెండు కళ్ళూ మూసి నిద్రపోయింది అప్పుడే. అప్పటిదాకా ఒక కన్ను ఎప్పుడూ మందమీదే ఉండేది.

ఆ నిద్రలోనే జరిగింది.

ముందురోజు కావలి నుంచి వచ్చిన కుటుంబమొకటి మొక్కు తీరిందని కందూరి చేసింది. కందూరి అంటే వచ్చినవాళ్ళందరికీ వండి పెట్టే విందు. జనం తక్కువై గంగాళం నిండా అన్నం మిగిలింది. కందూరి అన్నం పారబొయ్యకూడదు, ఆకలిగొన్న నోటికే చేర్చాలి, అది ఆ వీధి నమ్మకం. మస్తాన్‌బీ వాకిట్లోకి చూసింది. అంత ఆకలిగొన్న నోళ్ళు ఆమె ఎన్నడూ చూడలేదు. గంపకెత్తి తెచ్చి గొర్రెల ముందు కుమ్మరించింది. అవి ఎగబడ్డాయి. చూస్తూ ఉంటే ఆమెకు కళ్ళనీళ్ళు తిరిగాయి. ఇంకో గంప తెచ్చింది.

గొర్రె కడుపు ఆకుకూ అలముకూ పుట్టింది. ఉడికిన అన్నం ఆబగా పడితే లోపల పులుస్తుంది. పొట్ట డోలులా బిగుసుకుంటుంది. నెమరు ఆగిపోతుంది. నెమరు ఆగితే గొర్రె ఆగినట్టే. మందలున్న ఇళ్ళల్లో పాకే బిడ్డకు కూడా తెలిసిన సంగతి ఇది. పూలంగడి మనిషికి తెలియాల్సిన అవసరం ఎప్పుడూ రాలేదు.

మెలకువ వచ్చేసరికి ఎండ నెత్తిన ఉంది. మస్తాన్‌బీ నవ్వు మొహంతో, "నీ బిడ్డలు కడుపునిండా తిన్నాయి," అంది.

ఆదిశేషమ్మకు ముందు ఆ మాట అర్థం కాలేదు. మేత ఎక్కడిది? మంద ముందు నడిచే తెల్లమచ్చల బొల్లిదాని దగ్గరికి పోయి మూతి ఎత్తి చూసింది. పెదాల మీద తెల్లటి మెతుకులు. నోటి దగ్గర పులుపు వాసన.

"ఏం పెట్టినావు?"

"అన్నం. కందూరి అన్నం. పాసింది గాదమ్మా, మంచిదే."

ఆదిశేషమ్మ బొల్లిదాని ఎడమ డొక్క మీద చెయ్యి వేసి చూసింది. "బూబమ్మా," అంది మెల్లగా, "నా కొంప దీసినావు."

మధ్యాహ్నం తిరిగేసరికి మంద మౌనమైంది. పడుకున్న గొర్రెల మందలో ఒక సన్నని చప్పుడుంటుంది, నెమరు చప్పుడు, ఎక్కడో దూరాన ఎవరో నిదానంగా ఇసుక మీద నడుస్తున్నట్టు. ఆ చప్పుడు తెలియకుండానే ఆదిశేషమ్మ బతుకంతా దాని మీదే ఒరిగి నిద్రపోయింది. ఇప్పుడది లేదు. గొర్రెలు పళ్ళు కొరుకుతూ, మెడలు చాచి, ఎడమ డొక్కలు ఉబ్బి, నేల చూస్తున్నాయి. బొల్లిది ముందు కాళ్ళు మడిచి కూలబడింది.

మస్తాన్‌బీ తప్పు కాదని ఎవరూ అనలేదు, ఆమె కూడా అనుకోలేదు. "ఏం జెయ్యాల్నో చెప్పు," అంది. అంతే.

"నీళ్ళు తాగనియ్యకూడదు. పండుకోనియ్యకూడదు. నడిపించాల, ఒక్కోదాన్నీ పట్టుకుని. నూనె పట్టాల. నేనొక్కదాన్ని ఎన్నిట్ని పట్టుకోను."

మస్తాన్‌బీ వీధిలోకి పోయి గొంతెత్తి ఉర్దూలో ఏదో అరిచింది. ఆ గొంతు విని షంషుద్దీన్ పొయ్యి మీది బాణలి దించేసి వచ్చాడు. రెండు మాటల్లో సంగతి విని, వెనక్కి పరుగెత్తి డబ్బాతో వచ్చాడు.

"వంటసోడా. నా పిండి పొంగేదానికి ఏసేది. మా తాతకు కడుపుబ్బితే ఇదే కలిపి తాపేవాళ్ళం."

"మీ తాత గొర్రెనా షంషూ?" అన్నారెవరో గుంపులోంచి.

"ఉబ్బినప్పుడు ఎవురైనా ఒకటే. పట్టు దాని మూతి."

సోడా సంగతి ఆదిశేషమ్మకు తెలియదు. నూనె సంగతి తెలుసు. రెండూ కలిపి వెదురు గొట్టంలో పోసి, బొల్లిదాని నోట్లో పక్కనుంచి పెట్టింది. ఆ తర్వాత ఇంకోదానికి. మస్తాన్‌బీ దవడలు విప్పి పట్టుకుంటే తను పోసింది. ఒక పొట్టేలు ఆమె వేలు కొరికింది. రక్తం కారుతున్నా మస్తాన్‌బీ దవడ వదల్లేదు.

అప్పుడు వీధి అంతా నడక మొదలైంది. ఆ సాయంత్రం పేట వీధిని చూసినవాళ్ళు దాన్ని చాలాకాలం చెప్పుకున్నారు. పూలవాళ్ళు, టీ కొట్టువాళ్ళు, ఆత్మకూరు బస్సు కోసం నిలబడ్డవాళ్ళు, ఒక్కొక్కరూ ఒక్కో గొర్రెను పొట్ట కింద చెయ్యి వేసి, మెడ పట్టుకుని, వీధి ఈ కొస నుంచి ఆ కొసకు నడిపించారు. మతి చలించిన కూతుర్ని దర్గాకు తెచ్చుకున్న ఒక తండ్రి, కూతుర్ని మెట్ల మీద తన భార్య పక్కన కూర్చోబెట్టి వచ్చి, ఒక ముసలి గొర్రెను పట్టుకున్నాడు. దాంతో ఏదో మాట్లాడుతూ నడిచాడు, అరవంలో. గొర్రెకు అర్థమైందో లేదో కానీ అడుగులు వేసింది. తమ కష్టం దేవుడికి చెప్పుకుందామని అంత దూరం వచ్చినవాళ్ళు, ఆ కష్టాన్ని కాసేపు గోడకు ఆనించి, ఎవరి గొర్రెనో నడిపించారు. ఒకామె కొత్త చీర మీద గొర్రె వాంతి చేసుకుంది. "పోనీలే, బయటికొచ్చింది గదా," అని ఆమె చెంగుతోనే దాని మూతి తుడిచింది.

ఆదిశేషమ్మ వాళ్ళ మొహాలు చూడలేదు. గొర్రెల డొక్కలే చూసింది. ఒక్కో డొక్క మీద పిడికిలితో నొక్కుతూ, చెవి ఆనించి వింటూ, ఒక కొస నుంచి ఇంకో కొసకు తిరిగింది. బొల్లిదాన్ని తానే పట్టుకుంది. అది తూలుతూ కొంత దూరం నడిచింది. తర్వాత ఆమె భుజం మీద ఒరిగింది. తర్వాత బరువైంది.

ఆమె దాన్ని మెల్లగా దించి, కళ్ళు మూసి, లేచి పక్కదాన్ని పట్టుకుంది. ఏడవడానికి ఆ సాయంత్రం చోటు లేదు.

దర్గా గోడ నీడ వీధి దాటి అవతలి అంగళ్ళ మీదికి ఎక్కే వేళకు, ఈడుకొచ్చిన ఒక పడుచు గొర్రె నిలబడి, గొంతులోంచి ఏదో పైకి తెచ్చుకుని, దవడ పక్కకు తిప్పింది. మళ్ళీ తిప్పింది. ఆదిశేషమ్మ చెయ్యి ఎత్తింది. వీధి మాట ఆపేసింది. ఆ నిశ్శబ్దంలో ఆ చిన్న చప్పుడు, ఇసుక మీద అడుగులా, వినిపించింది. తర్వాత ఇంకో చోట. ఆ తర్వాత ఇంకో చోట.

చీకటి పడకముందే షంషుద్దీనూ ఇంకొందరూ ఊరి బయట గుంట తీసి, బొల్లిదాన్నీ దాంతోపాటు పోయిన కొన్నిటినీ పూడ్చారు. మంద చాలావరకు నిలిచింది. ఆదిశేషమ్మ ఆ మాట నోటితో అనుకుని చూసింది, నిలిచింది అని. నాలుక మీద చేదుగానే ఉంది.

తెల్లవారి మంద కదల్లేదు.

ఆమె అదిలించింది. ఈల వేసింది. ముందుకు పోయి పిలిచింది. గొర్రె తానై నడవదు, ముందు నడిచేదాన్ని చూసి నడుస్తుంది. ఇన్నేళ్ళూ ముందు నడిచింది బొల్లిది. ఇప్పుడు అన్నీ ఒకదాని తోక వెనక ఒకటి తల దూర్చి, గుండ్రంగా తిరుగుతున్నాయి. తోలితే చెదురుతున్నాయి, వదిలితే మళ్ళీ గుంపవుతున్నాయి. రోడ్డు మీద లారీలు పోతున్నాయి. ఇలా అయితే సంగం చేరే లోపలే సగం చక్రాల కింద పోతాయి.

ఆత్మకూరు నుంచి వచ్చిన మొదటి బస్సులో కామయ్య దిగాడు. వీధిలో ఎవరో చెప్పినట్టున్నారు, తిన్నగా వచ్చాడు.

"ఇంగ చాలు వదినా. నీ మొండితనం ఊరంతా జూసింది. ఈడే ఇచ్చెయ్. అన్నకు నేను జెప్తా."

ఆదిశేషమ్మ గొంగడి అంచు ముడేస్తూ విప్పుతూ నిలబడింది. కామయ్య చెయ్యి ముందున్న పొట్టేలు వెన్ను తడుముతోంది.

అప్పుడు మస్తాన్‌బీ ఇంటి వెనకనుంచి మేకను పట్టుకొచ్చింది. ఎర్రటి మేక, పొడుగు చెవులు, మెళ్ళో నీలం పూసలు. దాని పేరు బేగం. పేరుకు తగ్గట్టే నడుస్తుంది, ఎవరికీ దోవ ఇవ్వదు. ఆ మేక పాలతోనే మస్తాన్‌బీ పొద్దునా సాయంత్రం టీ కాచుకునేది.

"దీన్ని ముందు బెట్టు," అంది.

"వద్దు."

"ముందు నడిచేది లేకనే గదా నీ గొర్రెలు నిలబడిపోయింది? మేక నడిస్తే గొర్రె నడుస్తుందంట గదా? షంషుద్దీన్ చెప్పినాడు."

"నడుస్తుంది. నాకు తెలుసు. అయినా వద్దు బూబమ్మా. నీ చేత్తో ఇంగేమీ పెట్టబాక నాకు."

ఆ మాటకు వీధిలో అందరూ నేల చూశారు. మస్తాన్‌బీ చూడలేదు. కొరికిన వేలికి గుడ్డ చుట్టి ఉంది, ఆ చేత్తోనే మేక తాడు ముందుకు చాచింది.

"ఇది నీ గొర్రెలు తినేది గాదులే చెల్లే. దీని ఎనక నడిచేది. నిన్న నాకు తెలవక పెట్టినా. ఇయ్యాల తెలిసి ఇస్తాండా. కావాలంటే నన్ను ఇంకో నాలుగు మాటలు తిట్టు, తిట్టినాక తీసుకో. పొద్దెక్కితే రోడ్డు కాలతాది."

ఆదిశేషమ్మ ఆమెకేసి చూసింది. నిన్నటి నుంచి ఈ మొహాన్ని సరిగ్గా చూడనే లేదు. రాత్రంతా నిద్రపోని కళ్ళు. తన కళ్ళలాంటివే. కామయ్య చెయ్యి ఇంకా పొట్టేలు వెన్ను మీదే ఉంది. ఆమె ఆ చేతిని తీసి పక్కన పెట్టి, తాడు అందుకుంది.

"ఏమంటే పోతుంది ఇది?"

"చలో బేగం, అనాల. తెలుగులో జెప్తే ఇనదు. అప్పుడప్పుడు పుట్నాలు చేతిలో జూపించాల. మొండిది."

"అయితే నాకూ దానికీ కుదురుతాదిలే," అంది ఆదిశేషమ్మ.

"చలో బేగం," అంటూ కొంగులో పుట్నాల మూట కట్టుకుని ఆమె నడిచింది. మేక నీలం పూసలు ఊపుకుంటూ ముందు కదిలింది. గొర్రెలు కాసేపు చూశాయి. ఒకటి కదిలింది. వానలాంటి ఆ చప్పుడు మళ్ళీ మొదలై, ఈసారి వీధి వదిలి పోయింది.

సంగం చేరాక పెన్న కాలవ కింద వరదయ్య అనే రైతు తన కోసిన మళ్ళల్లో మంద పెట్టించుకున్నాడు. గొర్రెల ఎరువు పొలానికి, కొయ్యకాళ్ళ మేత గొర్రెలకు. పొద్దు పొద్దునే గట్టు మీదనుంచి ఆమె పిలుపు విని వరదయ్య నవ్వేవాడు. "నీ గొర్రెలు ఉర్దూ ఎప్పుడు నేర్చినాయమ్మే?"

"దోవలో నేర్చినాయి నాయనా. దోవలో చానా నేర్చినాం."

కాలవలో నీళ్ళు పలచగానే పారుతున్నా పారుతున్నాయి. పైరు కోసిన నేల మీద సాయంత్రాలు బంగారు ధూళిలా వాలేవి. మేక పాలు పితికి, కొంచెం తాను తాగి, ఎక్కువ భాగం తల్లిపాలు చాలని గొర్రెపిల్లలకు వేలితో తాపేది. ఆ పాలు తాపేటప్పుడల్లా పేటలో ఒక ఆడమనిషి పాలు లేని టీ తాగుతూ ఉంటుందని గుర్తొచ్చేది. కోపం రోజూ కొంచెం కొంచెం తగ్గుతూ పోయింది కానీ, పూర్తిగా పోయిందని ఆమె ఎప్పుడూ చెప్పలేదు. బొల్లిదాని చోటు ఖాళీగానే ఉండేది. ఆ ఖాళీలో మేక నడిచేది. రెండూ నిజమే, రెండిటినీ ఒకే చూపులో చూడటం ఆమె అలవాటు చేసుకుంది. గొర్రెల కాపరికి అది కష్టం కాదు. మందను చూసేటప్పుడు పోయినదాన్నీ ఉన్నదాన్నీ ఒక్కసారే చూస్తారు వాళ్ళు.

ఆషాఢంలో ఉదయగిరి తట్టు రెండు వానలు పడ్డాయని బస్సువాళ్ళు కబురు మోశారు. కొండ కింద గడ్డి మొలిచి ఉంటుంది. ఆదిశేషమ్మ మందను మళ్ళించింది. దోవలో పేటలో ఆగి, నున్నగా కండపట్టిన మేకను మస్తాన్‌బీకి ఇచ్చింది. గొర్రెల వెనక ఈనిన పిల్లలు గంతులేస్తున్నాయి. మస్తాన్‌బీ వాటిని చూస్తూ, చేతులు వెనక్కి కట్టుకుని నిలబడింది, ఏదైనా పెట్టేస్తానేమోనని తనకే భయమైనట్టు.

"తాకు, ఏం గాదు," అంది ఆదిశేషమ్మ. ఒక పిల్లను తీసి ఆమె చేతుల్లో పెట్టింది. "మేక లేకుండా మంద పోద్దో లేదో జూడాల ఇప్పుడు."

పోయింది. బేగం వెనక నడవడం నేర్చిన ఒక ఈడు గొర్రె, మొదట నెమరేసిన ఆ గొర్రే, తానై ముందుకు పోయింది. మంద మందగానే ఉదయగిరి చేరింది. పెంచలనరసయ్య కర్ర ఊతంతో వాకిలి దాటి వచ్చి, ఒక్కో గొర్రె తలా తడుముతూ బొల్లిదాని కోసం వెతికి, భార్య మొహం చూసి, పక్క గొర్రె తల మీద చెయ్యి వేశాడు.

ఆ తర్వాత వేసవుల్లో మొగుడూ పెళ్ళాం ఇద్దరూ మంద వెంట పోయేవాళ్ళు, అతను కుంటుతూ, ఆమె అతని నడకకు తన నడక తగ్గించుకుంటూ. వాళ్ళు వచ్చే రోజులు చూసుకుని మస్తాన్‌బీ చుట్టుపక్కల తుమ్మచెట్ల కింద తిరిగి, రాలిన కాయలు గోనెసంచుల్లో పోగుచేసి ఉంచేది. ఆ కాయలంటే గొర్రెలకు ప్రాణం. సంచి విప్పే ముందు మాత్రం ప్రతిసారీ అడిగేది, "పెట్టొచ్చునా చెల్లే?" అని. ఆదిశేషమ్మ ప్రతిసారీ సంచిలో చెయ్యి పెట్టి, కాయ విరిచి, వాసన చూసి, అప్పుడు తల ఊపేది. అది అనుమానం కాదు. వాళ్ళిద్దరి పలకరింపు అదే.

ఎనభై తొమ్మిది చలికాలంలో నేను ఆ పల్లెకు వెళ్ళి ఆమె బతుకు అడిగి వినేసరికి సాయంత్రమైంది. కొండ మీద కోటగోడల నీడ దిగుతోంది. గొర్రెలు దొడ్డిలో పడుకుని నెమరేస్తున్నాయి. దోటికి కొత్త కొక్కెం బిగించుకుంటూనే ఆదిశేషమ్మ అంతా చెప్పింది, మధ్యలో ఎక్కడా గొంతు మార్చకుండా. చెప్పడమయ్యాక, ఇదంతా రాస్తావా అని అడిగింది. రాస్తానంటే దోటి పక్కన పెట్టింది.

"రాయి. ఆకలిగొన్న జీవానికి అన్నం బెట్టబాకండి, చేతనైతే నాలుగు రెమ్మలు కొట్టి ఎయ్యండని రాయి. ఆడాడ చదివేవాళ్ళుంటారు గదా, ఒక మంద బతికినా బతికినట్టే. మస్తాన్‌బీ పేరు రాస్తే మాత్రం మేక సంగతి గూడా రాయాల. అన్నం కాడ ఆపబాక."